ఇంటి కంప్యూటర్‌కి ప్రాణం పోసిన గ్యారీ

ఇంట్లో కంప్యూటర్ మొరాయించిందంటే ముందుగా మనం చేసే పని, తెలిసిన కుర్రాణ్ణెవరినైనా పిలవడం. వాడు వచ్చీ రాగానే స్విచ్చి నొక్కి, తెర మీద ఇంకా ఏమీ రాకముందే కీబోర్డు మీద ఏదో ఒక మీట టకటకా కొడతాడు. నీలం రంగులోనో నలుపు రంగులోనో ఓ తెర తేలుతుంది. దాన్ని వాడు బయాస్ అంటాడు. ఇప్పటి మిషన్లలో దాని అసలు పేరు మారిపోయింది గానీ, రిపేరు చేసేవాళ్ళ నోట్లో పాత పేరే నిలిచిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ పాడైపోయి కంప్యూటర్ ఏ పనీ చెయ్యనని భీష్మించుకు కూర్చున్నప్పుడు కూడా పలికేది అదొక్కటే.

ఆ పేరు పెట్టినవాడు, సొంతానికి కొనుక్కునే చిన్న కంప్యూటర్లకి మొట్టమొదట నలుగురూ వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాడు గ్యారీ కిల్డాల్. కంప్యూటర్ లోకంలో చాలా పెద్ద పేరు. కానీ ఆ లోకం గడప దాటితే బిల్ గేట్స్ పేరు తెలిసినంతగా ఈ పేరు తెలీదు. తెలిసినవాళ్ళు కూడా ఆయన గురించి ఒకే ఒక్క కథ చెప్తారు. ఆ కథలో ఆయనకొక నింద, ఆయన భార్య డొరతీకి మరో నింద మిగిలిపోయాయి. అందుకే ఆ కథను ఇక్కడ మొదటి నుంచీ చెప్పాలనిపించింది నాకు.

ఓడల బడి అబ్బాయి

గ్యారీ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ నగరంలో పుట్టాడు. వాళ్ళది సముద్రంతో ముడిపడ్డ కుటుంబం. ఓడలు నడిపేవాళ్ళకి పాఠాలు చెప్పే బడి ఒకటి తాతగారి నాటి నుంచీ నడుస్తుండేది. దిక్కులు చూడడం, నక్షత్రాలను బట్టి ఓడ ఎక్కడుందో లెక్కకట్టడం అక్కడ నేర్పేవారు. గ్యారీ కూడా ఆ బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. లెక్కల మాస్టారు కావాలన్న కోరికతో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరాడు. అక్కడ కంప్యూటర్ కంటబడింది. ఇంకేముంది, లెక్కల మీది ప్రేమంతా దాని మీదికి మళ్ళింది.

హైస్కూలు రోజుల నుంచీ స్నేహితురాలైన డొరతీ మెక్‌యూవెన్‌ను 1963లో పెళ్ళి చేసుకున్నాడు. అవి వియత్నాం యుద్ధం రోజులు. వయసొచ్చిన మగపిల్లలకి ఎప్పుడైనా సైన్యం పిలుపు రావచ్చన్న కాలం. గ్యారీ నౌకాదళంలో చేరి, తుపాకీ బదులు సుద్దముక్క పట్టుకున్నాడు. కాలిఫోర్నియాలోని మాంటరే ఊళ్ళో ఉన్న నౌకాదళం కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పని దొరికింది. భార్యాభర్తలిద్దరూ పక్కనే ఉన్న పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టారు. సముద్రం ఒడ్డున ప్రశాంతంగా ఉండే ఊరు. 1972లో డాక్టరేట్ పూర్తి చేశాడు.

అప్పటికి కంప్యూటర్ అంటే గది నిండా బీరువాలు. కంపెనీలకీ ప్రభుత్వానికీ తప్ప ఇంకొకరికి అందని వస్తువు. 1971లో ఇంటెల్ కంపెనీ వేలి గోరంత చిప్పు ఒకటి తయారుచేసింది. దాన్ని ట్రాఫిక్ దీపాలకో లెక్కలు కట్టే యంత్రాలకో వాడుకోవచ్చని అనుకునేవారు. గ్యారీ మాత్రం అందులో పూర్తి కంప్యూటర్‌ని చూశాడు. ఇంటెల్‌లో వారానికి ఒకరోజు సలహాదారుగా పనికి కుదిరాడు. 1973లో ఆ చిప్పులతో మాట్లాడడానికి పీఎల్/ఎమ్ అనే భాషను తయారుచేసి ఇచ్చాడు.

వంటింటి లెక్క

చిప్పు ఉంది, భాష ఉంది. కానీ రాసిన ప్రోగ్రాం దాచుకునే చోటేదీ? అప్పట్లో చిల్లులు పొడిచిన కాగితం చుట్టల మీద దాచుకునేవారు. సరిగ్గా అప్పుడే ఫ్లాపీ డిస్కులు వచ్చాయి. షుగార్ట్ కంపెనీ నుంచి గ్యారీ ఓ డ్రైవు సంపాదించాడు. అది పరీక్షల్లో బాగా అరిగిపోయిన వస్తువు. దాన్ని చిప్పుకి తగిలించడం మాత్రం ఆయన వల్ల కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో దిట్టే గానీ తీగలు అతికించే పనిలో చెయ్యి తిరిగినవాడు కాదు. చివరికి జాన్ టొరోడీ అనే పాత స్నేహితుడు ఆ పని చేసిపెట్టాడు. 1974లో, ఇంటి వెనక పనిముట్లు పెట్టుకునే షెడ్డులో, ఆ డిస్కు తిరిగింది. తెర మీద ఒక చిన్న గుర్తు వచ్చి ఆజ్ఞ కోసం ఎదురుచూసింది. గ్యారీ దానికి పెట్టిన పేరు సీపీ/ఎమ్.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో చాలామందికి నోరు తిరగని మాటలాగే ఉండిపోతుంది. మన వంటింటితో పోల్చి చెప్తాను. వంటింట్లో మూడు పనులుంటాయి. ఎవరికి ఏం కావాలో విని ఆర్డరు తీసుకోవడం ఒకటి. ఏ డబ్బాలో ఏ పప్పుందో, ఏ సరుకు ఎంతుందో గుర్తుపెట్టుకోవడం రెండోది. పొయ్యి వెలిగించడం మూడోది. సీపీ/ఎమ్‌లోనూ సరిగ్గా అలాంటి మూడు భాగాలే. ఆ పొయ్యి వెలిగించే భాగమే బయాస్.

దాని వెనక ఉన్న ఉపాయం చూడండి. 1970ల మధ్యలో చిన్నా చితకా కంపెనీలన్నీ కంప్యూటర్లు చెయ్యడం మొదలుపెట్టాయి. ఒకరి డ్రైవు ఇంకొకరి డ్రైవులా ఉండదు. ప్రతి కొత్త మిషన్‌కీ సీపీ/ఎమ్ అంతా తిరగరాయాలంటే మాటలా? పులుసు చెయ్యడం ఎక్కడైనా ఒకటే. కుంపటైతే ఒకలా, కిరోసిన్ స్టవ్వైతే ఒకలా, గ్యాసైతే ఇంకొకలా వెలిగించాలి, అంతే తేడా. గ్యారీ మిషన్ని బట్టి మారే ఆ వెలిగించే భాగాన్ని విడిగా తీసి పెట్టేశాడు. ఏ కంపెనీవాళ్ళు వాళ్ళ మిషన్‌కి తగ్గట్టు ఆ చిన్న ముక్క రాసుకుంటే చాలు, మిగతాది ముట్టుకోనక్కర్లేదు. దాంతో ఒకరి కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాం ఇంకొకరి కంప్యూటర్లోనూ నడిచే రోజులొచ్చాయి. 1981 నాటికి దాదాపు 3,000 రకాల కంప్యూటర్ల మీద సీపీ/ఎమ్ నడిచిందంటే కారణం ఈ చిన్న ఉపాయమే.

చెడిపోతే బాగయ్యేలా

నాకు మరీ నచ్చింది ఇంకొకటి. ఆయన చేసిన వస్తువు చెడిపోతే బాగుచేసుకునేలా ఉండేది. ఆ రోజుల్లో ఫ్లాపీ మీద మొదటి రెండు వరసలు సిస్టమ్ కోసమే వదిలేవారు. మనం రాసుకున్న ఉత్తరాలూ లెక్కలూ ఆ తరవాతి వరసల్లో ఉండేవి. సిస్టమ్ ఉన్న వరసలు పాడై కంప్యూటర్ లేవకపోతే కంగారక్కర్లేదు. మంచి ఫ్లాపీ ఇంకొకటి పెట్టి మిషన్ లేపి, సిస్‌జెన్ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే, పాడైన ఫ్లాపీ మీద ఆ రెండు వరసలే మళ్ళీ రాసేది. మన రాతలు ఎక్కడివక్కడ భద్రం. వంటింటి పొయ్యి బాగుచేయించినంత మాత్రాన డబ్బాల్లో సరుకులు పారబొయ్యం కదా, అలాగన్నమాట.

ఫైలు చెరిపేసినా అంతే. చెరిపెయ్యమంటే సీపీ/ఎమ్ డబ్బా మీది చీటీలో మొదటి గుర్తు మాత్రం మార్చేది. లోపలి సరుకు కదిలేది కాదు. ఆ చోట ఇంకోటి పొయ్యనంతవరకూ, తెలిసినవాళ్ళు ఆ గుర్తు సరిచేసి ఫైలుని వెనక్కి తెచ్చేవారు. ఇంకో జాగ్రత్త కూడా ఉండేది. చెప్పకుండా ఫ్లాపీ మార్చేస్తే సిస్టమ్ పట్టేసేది. పాతదనుకుని కొత్తదాని మీద రాస్తే రెండూ చెడిపోతాయి కదా. అందుకని, చూడ్డమే గానీ రాయడం కుదరదని మొండికేసేది. అడిగితే విసుగొచ్చేదేమో గానీ ఎందరి కష్టం కాపాడిందో!

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. ఇప్పటి కంప్యూటర్లో కూడా మొదటి సూత్రం అదే. సిస్టమ్ వేరు, మన సరుకు వేరు. మా ఇంట్లో ఓసారి ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోయింది. పిలిచిన అబ్బాయి చూడగానే అంతా ఫార్మాట్ కొట్టెయ్యాలన్నాడు. అందులో నావి సగం రాసిన కథలు మూడు, మా అత్తగారి షష్టిపూర్తి ఫోటోలూ ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు. ఇంకో కుర్రాణ్ణి పిలిచాం. అతను డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి, ముందు మా సరుకంతా బయటికి తీశాడు. ఆ తరవాతే సిస్టమ్ మీద చెయ్యి వేశాడు. పెన్‌డ్రైవు నుంచి మిషన్ లేపి, స్టార్టప్ రిపేర్ నడిపిస్తే అరగంటలో లేచి కూర్చుంది. గ్యారీ నాటి మంచి ఫ్లాపీ చేసిన పనే ఇప్పుడు పెన్‌డ్రైవు చేస్తోంది.

మీ ఇంట్లోనూ ఇలాంటిది జరిగితే ముందు సరుకు బయటికి తీయించండి. తరవాత రిపేరు, అదీ కుదరకపోతేనే ఫార్మాట్. డిస్కుకి తాళం వేసి ఉంటే, అంటే ఎన్‌క్రిప్షన్ ఉంటే, ఆ రికవరీ కీ ఎక్కడ రాసిపెట్టారో ముందే చూసుకోండి. అది లేకపోతే డిస్కు ఊడదీసినా లాభం లేదు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో చెరిపేసింది చాలాసార్లు త్వరలోనే నిజంగా పోతుంది. కాబట్టి తరవాత వెనక్కి తెచ్చుకుందాంలే అనుకోడానికి లేదు.

డొరతీ లెక్కల పుస్తకం

మళ్ళీ పసిఫిక్ గ్రోవ్‌కి వద్దాం. గ్యారీ సీపీ/ఎమ్‌ను ముందు ఇంటెల్‌కే చూపించాడు. వాళ్ళకి అక్కర్లేకపోయింది. అప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి సొంత కంపెనీ పెట్టారు. అనుకున్న పేరు అప్పటికే ఎవరికో ఉండడంతో మొదట్లో ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అని పెట్టుకుని, తరవాత డిజిటల్ రీసెర్చ్‌గా మార్చుకున్నారు. పేరు బ్రహ్మాండమంతా, ఆఫీసు మాత్రం ఇల్లే.

ప్రోగ్రాం రాయడం గ్యారీ వంతు. వ్యాపారం డొరతీ వంతు. పోస్టులో వచ్చే ఆర్డర్లు, డబ్బు లెక్కలు, కంపెనీలతో ఒప్పందాలు అన్నీ ఆమె చూసుకునేది. వ్యాపారంలో పుట్టింటి పేరు మెక్‌యూవెన్‌నే వాడుకుంది. ఒక కాపీ ధర 70 డాలర్లు. అప్పటికి సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్ కొంటే ఊరికే వచ్చేదని చాలామంది ఉద్దేశం. దాన్ని విడిగా, పెట్టెలో పెట్టి అమ్మొచ్చని చూపించిన తొలితరం వాళ్ళలో ఆమె ఒకరు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. కంపెనీ పెరిగి పెరిగి లైట్‌హౌస్ అవెన్యూలో ఓ పాతకాలపు పెద్ద ఇంటికి మారింది. గ్యారీ కాలేజీ ఉద్యోగం వదిలేశాడు. ఏటా లక్షల డాలర్ల వ్యాపారం.

అప్పుడు వచ్చింది ఆ 1980వ సంవత్సరం.

ఐబీఎమ్ అంటే అప్పట్లో కొండ. ఆ కంపెనీ రహస్యంగా సొంత చిన్న కంప్యూటర్ తయారుచేస్తూ, ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వెతుకుతోంది. వాళ్ళు ముందు మైక్రోసాఫ్ట్‌కి వెళ్ళారు. బిల్ గేట్సే వాళ్ళని గ్యారీ దగ్గరికి పంపాడు. వాళ్ళొచ్చిన రోజు ఉదయం గ్యారీ తన చిన్న విమానంలో ఒక ఖాతాదారుకి సాఫ్ట్‌వేర్ అందించడానికి వెళ్ళాడు. విమానం నడపడం ఆయన సరదా, నిజమే. కానీ ఆ రోజు వెళ్ళింది పని మీదే. వ్యాపారం మాట్లాడాల్సింది ఎటూ డొరతీయే.

వచ్చినవాళ్ళు మాట మొదలుపెట్టకముందే ఓ కాగితం తీసి సంతకం పెట్టమన్నారు. వాళ్ళు చెప్పే ఏ విషయమూ ఇంకెవరికీ చెప్పకూడదు, డిజిటల్ రీసెర్చ్ వాళ్ళు చెప్పేది మాత్రం వాళ్ళు వాడుకోవచ్చు. ఒప్పందమంతా ఒక వైపుకే మొగ్గింది. కంపెనీ లాయరు జాగ్రత్త చెప్పాడు. డొరతీ వెంటనే సంతకం పెట్టలేదు. మధ్యాహ్నానికి గ్యారీ తిరిగొచ్చాడు. ఆ తరవాత ఏం జరిగిందన్న దాని మీద ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. డబ్బు మాట దగ్గర మాత్రం పొత్తు కుదరలేదు. ఒకేసారి ఇంత అని ఇచ్చేసి హక్కు తీసుకుంటామని ఐబీఎమ్, కాపీకింత అని గ్యారీ.

ఐబీఎమ్ వాళ్ళు మైక్రోసాఫ్ట్ దగ్గరికే తిరిగి వెళ్ళారు. మైక్రోసాఫ్ట్ దగ్గర అప్పటికి అలాంటి సిస్టమ్ లేదు. సియాటిల్ ప్రాంతంలోనే మరో చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ అనే అతను సీపీ/ఎమ్ పద్ధతిని అనుసరించి రాసిన సిస్టమ్‌ని కొని, ఐబీఎమ్‌కి ఇచ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎమ్ కంప్యూటర్ బజార్లోకి వచ్చింది. అది చూసి గ్యారీ మండిపడ్డాడు. అయితే సాఫ్ట్‌వేర్ మీద కాపీ హక్కుల చట్టం అప్పటికింకా గట్టిపడలేదు. కోర్టుకి పోకుండా రాజీపడ్డారు. గ్యారీ సిస్టమ్‌ని కూడా ఐబీఎమ్ అమ్మేట్టు ఒప్పందమైంది. తీరా షాపులోకి వచ్చాక చూస్తే మైక్రోసాఫ్ట్‌ది 40 డాలర్లు, గ్యారీది 240 డాలర్లు. ఎవరైనా ఏది కొంటారు? మనమైనా అంతే కదా!

ఇక అక్కడి నుంచి ఊరూరా కథ పుట్టింది. గ్యారీ విమానం ఎక్కి షికారుకి పోయి కోట్లు పోగొట్టుకున్నాడని ఒకటి. భార్య సంతకం పెట్టక కొంప ముంచిందని రెండోది. నాకు ఈ రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆలోచించండి. అంతవరకూ ప్రతి ఒప్పందం చదివి, ప్రతి రూపాయి లెక్కచూసి కంపెనీని నిలబెట్టిందామె. ఏకపక్షంగా ఉన్న కాగితం మీద లాయరు వద్దంటుండగా సంతకం పెట్టకపోవడం తెలివితక్కువ పనా? అదే పని ఏ మగ మేనేజరో చేసుంటే ముందుచూపు అనేవారు. లాభమొచ్చిన రోజుల్లో కంపెనీ గ్యారీది, నష్టమొచ్చిన రోజున తప్పు డొరతీది. ఈ లెక్క మన వీధిలోనూ వినే లెక్కే. కొట్లో కూర్చుని చిట్టా రాసే ఇల్లాలి పేరు బోర్డు మీద ఉండదు. అప్పులైతే మాత్రం ఆమె చేతి దుబారా అంటారు.

తరవాతి రోజులు

గ్యారీ ఆ దెబ్బతో చతికిలపడిపోలేదు. డబ్బుకీ లోటు లేదు. 1983 నుంచి 1990 వరకూ ది కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో స్టూవర్ట్ షీఫేతో కలిసి కూర్చుని, కొత్త కొత్త కంప్యూటర్ల గురించి జనానికి అర్థమయ్యేట్టు చెప్పాడు. ఆ వీడియోలు ఇప్పటికీ చూడొచ్చు. గడ్డం, నెమ్మదైన మాట, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా విన్నాకే అడిగే ప్రశ్న. వ్యాపారి కన్నా మాస్టారే కనిపిస్తాడు. 1985లో గ్రోలియర్ ఎన్‌సైక్లోపీడియా మొత్తాన్ని ఒకే ఒక్క సీడీలో ఎక్కించిన కంపెనీ కూడా ఆయనదే.

కానీ ఇల్లు నిలవలేదు. కంపెనీ ఒత్తిళ్ళ మధ్య డొరతీతో విడిపోయాడు. రెండో పెళ్ళీ నిలవలేదు. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ని నోవెల్ అనే కంపెనీకి అమ్మేశారు. ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న, ఆ రోజు విమానం ఎక్కావటగా అని. దానికి జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాడు. తాగుడు అలవాటైంది. 1993లో తన జీవితం గురించి రాసి, ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ మాత్రం ప్రతులు ఇచ్చాడు. 1994 జూలై 8న మాంటరేలో ఒక బార్‌లో తలకి దెబ్బ తగిలింది. మూడు రోజులకి, జూలై 11న, పోయాడు. అప్పటికి వయసు 52. పుట్టిన ఊరు సియాటిల్‌లోనే సమాధి చేశారు. డొరతీ 2005లో కన్నుమూసింది.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 2014 ఏప్రిల్‌లో పసిఫిక్ గ్రోవ్‌లో పాత ఆఫీసు ముందు ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ ఒక ఫలకం పెట్టింది. అదే ఏడు అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం తొలినాటి సీపీ/ఎమ్ రాతను అందరూ చూసుకునేలా విడుదల చేసింది. 2016లో ఆయన రాసిన స్వీయకథలో మొదటి భాగాన్ని పిల్లలు బయటికి రానిచ్చారు. చివరి భాగాలు తాగుడు మింగేసిన రోజుల్లో రాసినవనీ, అది తమ తండ్రి అసలు మనసు కాదనీ మిగతాది ఇవ్వలేదు. ఆ నిర్ణయం నాకు అర్థమైంది.

మీ ఇంట్లో కంప్యూటర్ తెరిచినప్పుడు ఓసారి గమనించండి. డిస్కు పేరు సీ అని మొదలవుతుంది. ఏ, బీ ఏమయ్యాయని ఎప్పుడైనా అనుకున్నారా? అవి రెండూ ఫ్లాపీ డ్రైవుల పేర్లు. ఆ అక్షరాల పద్ధతి సీపీ/ఎమ్ నుంచి డాస్‌కీ, అక్కణ్ణించి విండోస్‌కీ వచ్చింది. ఫ్లాపీలు పోయాయి, ఆ రెండక్షరాల చోటు మాత్రం అలాగే అట్టేపెట్టి ఉంది. పిల్లలెవరైనా అడిగితే గ్యారీ సంగతి చెప్పండి. చెప్పేటప్పుడు విమానం షికారు మాట వదిలెయ్యండి, డొరతీ లెక్కల పుస్తకం మాట మాత్రం మర్చిపోవద్దు.